బిల్లు మీద 'చేనేత' అని రాసివ్వండి

చీరలు కొనే అక్కలకు, అమ్మే సేట్లకు,

మొన్న పెళ్లిళ్ల సీజన్లో ఒకామె చీర పట్టుకొని మా ఇంటికొచ్చింది. "ఇదే పోచంపల్లి చీర సిటీలో పన్నెండు వందలకిచ్చారు. మీరు ఆరువేలంటారు. నేసేవాళ్లే ఇట్ల దోచుకుంటే ఎట్ల?" అని నిలదీసింది. తిప్పి చూస్తే వెనకవైపు రంగు పలచబడి ఉంది. మిల్లుగుడ్డ మీద మా డిజైను అచ్చేశారు. దోచినోడు ఏసీ షోరూములో కూర్చున్నాడు, దొంగలన్న పేరు మాకొచ్చింది.

మా చీరలో నేతకంటే ముందే నూలుకు రంగెక్కుతుంది. నూలును మేకుల చుట్టూ తిప్పి ఆసు పోసి, గీతలు గీసి, రబ్బరు పట్టీలతో చిటికీ కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టాలి. ఆ పోగులు మగ్గం మీద వరస తప్పకుండా పడితేనే బొమ్మ లేస్తుంది. అందుకే ముందూ వెనకా ఒకే తీరు, బొమ్మ అంచు కాస్త చెదిరినట్టుంటుంది. ఆసు పోసీ పోసీ తల్లి భుజాలు పడిపోతుంటే చూడలేకనే చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మా ధరలో ఆ భుజాల నొప్పి ఉంది. ప్రింటు మిషనుకు భుజాల్లేవు.

కస్టమరు అందం చూస్తాడు, రేటు చూస్తాడు, నేత ఎవడు చూస్తాడంటారు సేట్లు. చూడనిస్తున్నారా? ప్రింటునూ నేతనూ ఒకే అరలో పేర్చి రెంటినీ పోచంపల్లి అంటారు. అదీ నోటిమాటే. బిల్లులో మాత్రం ఉత్త 'శారీ'. కాగితం మీద పడితే కేసవుతుందని వాళ్లకు బాగా తెలుసు.

పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు నకిలీకి తగిలిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా అని 1999 చట్టమే చెబుతోంది. జైలుకు పోయిన సేటును ఎవరైనా చూశారా? 1985 చేనేత రిజర్వేషన్ చట్టం కింద 22 రకాల బట్టలు చేనేతకే అన్నారు. మరమగ్గాలవాళ్లు సుప్రీంకోర్టుకెక్కి 1993లో ఓడారు. గెలిచిన మాకు ఇప్పుడు మిగిలినవి 11.

పేదోళ్లకు చవక చీర వద్దా అంటారు. అమ్మండి, ఎవరొద్దన్నారు? ప్రింటని చెప్పి అమ్మండి.

ప్రతి బిల్లులో చేనేతా, మరమగ్గమా, ప్రింటా రాయాలి. దేని అర దానికుండాలి. అధికారులు దసరాకు ముందే కొట్లలో తనిఖీ చేయాలి. ఆగస్టు 7న చేనేత దినోత్సవమని మాకు కప్పే శాలువాల ఖర్చు దానికి పెట్టండి.

అక్కలారా, డబ్బు తీసేముందు ఆ ఒక్క మాట బిల్లులో రాయమనండి. రాయనంటే చీర కౌంటరు మీదే పెట్టి వచ్చేయండి.

పోచంపల్లి మగ్గాల ఇళ్లవాళ్లం