సూది వేసేది ఒకరు, గుచ్చుకునేది ఇంకొకరికి

గత ఏడాది ఒక ఆసుపత్రి వాళ్లు నన్ను పిలిచారు. ఇన్‌ఫెక్షన్ల నివారణ మీద సిబ్బందికి శిక్షణ ఇస్తున్నారట. ఇంగ్లీషులో ఉన్న స్లైడ్లన్నీ తెలుగు చేసి పెట్టాలి. సాహిత్యంలో డాక్టరేట్ ఉన్నదాన్ని కదా, 'మంచి తెలుగు' రాస్తానని వాళ్ల నమ్మకం. డబ్బులిస్తామన్నారు. ఒప్పుకున్నాను.

'కంప్లయన్స్' అనే మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చిత్తుప్రతిలో 'విధేయత' అని రాసి పంపి, తర్వాత సిగ్గుపడి 'పాటించడం' అని మార్చాను. కార్యక్రమం చూసే పెద్దమనిషి ఫోన్ చేసి, "మేడం, ఆ మొదటి మాటే బావుందండీ" అన్నాడు. శిక్షణ అంటే వాళ్ల దృష్టిలో ఏమిటో నాకు అప్పుడే అర్థం కావాల్సింది. కాలేదు. శిక్షణ రోజున వెళ్లి కూర్చున్నాక గానీ కాలేదు.

ముందు రెండు వరసల కుర్చీలు డాక్టర్ల కోసం. అవి ఖాళీగానే ఉన్నాయి. మధ్యలో నర్సులు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు పారిశుధ్య కార్మికులు. ఒకరిద్దరు తప్ప అందరూ ఆడవాళ్లే. హాజరు రిజిస్టరు మాత్రం పై అంతస్తుకి వెళ్లి డాక్టర్ల సంతకాలతో తిరిగొచ్చింది. అరగంట గడిచిందో లేదో సూపర్‌వైజర్ వచ్చి ముగ్గురు కార్మికుల్ని బయటికి పిలుచుకుపోయాడు. క్యాజువాలిటీలో రక్తం పడిందట, తుడవాలి. రక్తం పడితే ఎలా తుడవాలో చెప్పే స్లైడు అప్పటికింకా రానేలేదు!

సూది గుచ్చుకుంటే ఏం చెయ్యాలన్న స్లైడు వచ్చింది. సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి. పిండకూడదు. వెంటనే తెలియజేయాలి. హెచ్ఐవి సోకకుండా మందు అవసరమైతే వీలైతే రెండు గంటల్లోపు, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి. ఈ తెలుగు నాదే. వెనక నుంచి ఒకామె చెయ్యెత్తింది. "తెలియజేయాలె అంటున్నరు గదా మేడం, ఎవలికి? సూపర్‌వైజర్‌కు చెప్తే, నీకు సోయి లేదా, రేపటి సంది రాకు అంటడు. సూది వేసేటోళ్లు ఒకలు, గుచ్చుకునేది మాకు."

శిక్షకుడు నవ్వి, "జాగ్రత్తగా ఉండాలమ్మా" అని తర్వాతి స్లైడుకి వెళ్లిపోయాడు. నా స్లైడులో కర్త లేడు. 'తెలియజేయాలి' అని రాశాను. ఎవరు, ఎవరికి, ఏ భరోసాతో? కర్త లేని వాక్యాల గురించి సెమినార్లలో పత్రాలు చదివే నేను అలాంటి వాక్యమే రాసి డబ్బులు పుచ్చుకున్నాను.

ఇన్‌ఫెక్షన్ నివారణ కథలో అందరూ సెమ్మెల్‌వైస్ పేరు చెబుతారు. ఆ శిక్షకుడూ చెప్పాడు. చెప్పని భాగం ఒకటుంది. వియన్నా జనరల్ ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. మొదటి దానిలో వైద్య విద్యార్థులు నేర్చుకునేవారు, రెండో దానిలో మంత్రసానులు. 1846లో మొదటి విభాగంలో నూటికి పదకొండు మందికి పైగా బాలింతలు చనిపోతే, మంత్రసానుల విభాగంలో ముగ్గురు కూడా లేరు. ఈ సంగతి డాక్టర్ల కంటే ముందు పేద గర్భిణులకే తెలుసు. మొదటి విభాగంలో చేర్చొద్దని వాళ్లు మోకరిల్లి బతిమాలుకునేవారని సెమ్మెల్‌వైసే రాశాడు. వాళ్ల మాట ఎవరికీ సాక్ష్యంగా కనబడలేదు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల కోసం వచ్చే పాదిరీ గంట చప్పుడుకి బాలింతలు జడుసుకుని చస్తున్నారని కూడా అనుకున్నారు.

1847లో కొలెష్కా అనే ప్రొఫెసర్ శవపరీక్ష చేస్తుండగా విద్యార్థి కత్తి తగిలి చనిపోయాడు. ఆయన శరీరంలోనూ బాలింతల శరీరాల్లో కనిపించిన లక్షణాలే కనిపించాయి. శవాల గది నుంచి నేరుగా కాన్పు గదికి వస్తున్న చేతులే కారణమని సెమ్మెల్‌వైస్‌కి అప్పుడు తట్టింది. క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. ఆ ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న మరణాలు జూన్‌కి రెండు శాతం దగ్గరికి పడిపోయాయి.

ఆయన గొప్పతనాన్ని నేను కాదనను. నేనడిగేది వేరు. వందల మంది ఆడవాళ్లు చనిపోతే అది గాలి దోషం, భయం, వాళ్ల శరీర తత్వం. ఒక ప్రొఫెసర్ చనిపోతే ఆధారం! ఈనాడు కార్మికురాలికి గుచ్చుకున్న సూది ఏ రిజిస్టరుకీ ఎక్కకపోవడం ఈ కథకి కొనసాగింపు కాదా?

మన భాషనీ కాస్త చూసుకుందాం. అంటు అంటే తాకడం. అంటువ్యాధి, అంటరానితనం, పురిటి అంటు, అంట్లు తోమడం... అన్నీ ఆ ఒక్క మాటలోంచి వచ్చినవే. ఆ స్లైడ్లలో 'అంటు' అని నేను రాసిన ప్రతిచోటా ఆ మాట గదిలో ఎవరికి ఎలా వినపడుతోంది? వెనక నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలు. తరతరాలుగా 'మీరే అంటు' అనిపించుకున్నవాళ్లకి శుభ్రత నేర్పడానికి మనం బయల్దేరాం. మురికి ఎక్కడుంటుందో వాళ్లకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఆ భవనంలో ఎవరున్నారు?

నా సంగతీ చెప్పాలి. నా కాన్పు ఆపరేషనే. తొమ్మిదో రోజున కుట్లు చీముపట్టాయి. "ఇంట్లో నీళ్లు తగలనిచ్చారా? శుభ్రంగా ఉంటున్నారా?" అని అడిగింది డాక్టరమ్మ. "చెప్పినట్టు అంటూ ముట్టూ పాటిస్తేగా" అంది మా అత్తగారు. ఆధునిక వైద్యమూ పాత ఆచారమూ నా దగ్గరికొచ్చేసరికి ఒకే మాట మాట్లాడాయి. తప్పు నాదేనని నేనూ నమ్మాను. రోగిని తాకే ముందు, తాకిన తర్వాత చేతులు శుభ్రం చేసుకోవాలన్న స్లైడు తెలుగు చేస్తున్నప్పుడు, మంచం నుంచి మంచానికి తిరిగిన డ్యూటీ డాక్టరు చేతులు గుర్తొచ్చాయి. ఆయన వల్లే అని నేననడం లేదు, రుజువు లేదు. కానీ "మీరు చేతులు కడుక్కున్నారా?" అని అడగాలన్న ఊహే రాలేదు నాకు. మంచం మీద పడుకున్న ఆడదానికి ఆ ప్రశ్న ఎవరు నేర్పారు గనక?

నర్సులతో పోలిస్తే డాక్టర్లే చేతుల శుభ్రత తక్కువ పాటిస్తున్నారని 2009 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోనే ఉంది. అయినా శిక్షణ గదిలో ఖాళీగా ఉండేవి ఆ కుర్చీలే.

శిక్షణ వద్దని నేననడం లేదు. ఒక్క సరైన పద్ధతి తెలిస్తే ఒక ప్రాణం నిలబడుతుంది. కానీ చేతులు కడుక్కోమంటే సింకు ఉండాలి, నీళ్లు రావాలి. వాడిన సూదిని తెల్లటి, గుచ్చుకుపోని డబ్బాలో వెయ్యాలంటే ఆ డబ్బా వార్డులో ఉండాలి, సూది వాడినవాళ్లే వెయ్యాలి. పసుపు సంచిలో పడేసిన సూది దాన్ని మోసుకెళ్లే ఆమె తొడలో దిగుతుంది. ఆమెకి మందపాటి రబ్బరు తొడుగులివ్వకుండా 'వ్యక్తిగత రక్షణ' అని పాఠం చెప్పడం ఎగతాళి.

ఇవి నా కోరికలు కావు, చట్టం చెబుతున్నవే. వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ చేరినప్పుడూ, ఆపైన ఏడాదికొకసారైనా శిక్షణ ఇవ్వాలని, హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని, ఏటా ఆరోగ్య పరీక్ష చేయించాలని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు ఆసుపత్రి యజమానిని ఆదేశిస్తున్నాయి. పర్మినెంటా, కాంట్రాక్టా అని అవి వేరు చెయ్యలేదు. వేరు చేసింది మనం. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమెను అడిగాను, టీకా వేశారా అని. "ఏం టీకా?" అంది.

2020 మే 3న ఆసుపత్రుల మీద హెలికాప్టర్లు పూలు కురిపించాయి. రాలిన ఆ రేకుల్ని ఎవరు ఊడ్చారో ఏ పత్రికా రాసినట్టు నాకు గుర్తులేదు. ప్రపంచ ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్లలో దాదాపు 70 శాతం స్త్రీలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నిర్ణయాలు చేసే కుర్చీల్లో మాత్రం మగవాళ్లే ఎక్కువని కూడా ఆ నివేదికే చెప్పింది.

దేహం గురించి, మైల గురించి మనం ఎన్ని కవితలు రాసుకున్నాం, ఎన్ని సదస్సులు పెట్టుకున్నాం! మైల మన అనుభవమనే అనుకున్నాం తప్ప, మన మైలగుడ్డలు ఎత్తి ఏ సంచిలో వేశారో, వేసినామె చేతులకి తొడుగులున్నాయో లేదో అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ స్లైడు ఇప్పుడు మార్చి పంపాను. "సూది గుచ్చుకున్న కార్మికురాలు చెప్పగానే డ్యూటీ డాక్టరు ఆమె పేరు రిజిస్టరులో రాసి, చికిత్స మొదలుపెట్టాలి. ఈ కారణంగా ఆమెను పనిలోంచి తీసెయ్యకూడదు" అని కర్తతో సహా రాశాను. అది అనువాదం కాదని, స్లైడులో చోటు లేదని జవాబొచ్చింది. చోటు దొరికేదాకా వాళ్లకి మరో అక్షరం తెలుగు చెయ్యనని రాసి పంపాను.