ఈ రెండు నెలలు మామిడి తోటల మోటర్ బంద్ పెట్టున్రి

కార్తీకం నడుస్తున్నది, పొద్దుగాల మంచు పడుతున్నది. ఆదిలాబాద్ దిక్కున్న మన దోస్తులైతే అప్పుడే చలిమంటలు పెట్టుకుంటున్నరు. సరిగ్గా ఈ టైంలనే నాకు ఫోన్లు మొదలైతయి. "అన్నా, మామిడి ఆకులు వాడినట్టున్నయి, ఒక్క తడి ఇయ్యాల్నా?" అని. అందరికీ ఇక్కడనే చెప్తున్న, ఇయ్యొద్దు.

ఇది కాపు మీదున్న తోటల ముచ్చట. నాలుగైదేండ్ల లోపు మొక్కలుంటే వాటికి నీళ్లు ఆపకున్రి, ఎండిపోతయి.

మామిడి కొమ్మ కొసకు ఒక మొగ్గ ఉంటది. అది ఆకై వస్తదా, పూతై వస్తదా అన్నది ఈ దినాలల్లనే తేలుతది. వానాకాలంల వచ్చిన చిగురు ముదిరి, ముదురు ఆకుపచ్చకు తిరిగి, చెట్టు కొన్ని వారాలు ఊకె నిలబడాలె. పైన రాత్రి చలి, కింద ఆరిన భూమి, ఈ రెండు కలిస్తే పూత మంచిగ వస్తది. మనం జాలిపడి తడి ఇస్తే ఏమైతది? ఎర్రటి లేత చిగురు వస్తది. చూడ సక్కగుంటది గానీ, నవంబర్ల చిగురేసిన కొమ్మ ఆ యేడు పూసుడు కష్టం.

మా బాపు ఇదంతా చదువుకోలేదు. ఆయన కాలంల దసరా దాటితే బాయిల నీళ్లు తగ్గేటియి, కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో తెల్వదు. ఉన్న నీళ్లు వరికే సరిపోకపోయేది, మామిడిని పట్టించుకునేటోడు లేడు. చెట్టుకు దానంతట అదే దప్పి అయ్యేది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది, ఎస్సారెస్పీ కాలువ నీళ్లున్నయి. నేను దీన్ని తప్పు పడుతలేను, ఈ కరెంటుతోనే నా వరి కూడా పండుతున్నది. కానీ మోటరుకు ఆటోస్టార్టర్ పెట్టి, వాల్వు తిప్పుడు మర్చిపోయి, మనం ఇంట్ల పండుకుంటే మామిడి పాదులల్ల రాత్రంతా నీళ్లు పారుతున్నయి. వరికి వరమైంది మామిడికి ఈ రెండు నెలలు శాపమే.

ఇంకొకటి చాలామంది గమనించరు. యాసంగి నారుమడి ఎక్కడ పోస్తున్రు? తోట గట్టుకు ఆనుకొనే కదా. నా తోటల దక్షిణం దిక్కు రెండు వరుసలు మూడేండ్లు సరిగా పూయలేదు. మందులు మార్చిన, ఎరువు మార్చిన. ఆఖరికి పార పట్టుకొని తవ్వి చూస్తే మూరెడు లోతుల తేమ! పక్క మడి ఊట అది. గట్టు వెంబడి మోకాలు లోతు కాలువ తీసిన, అంతే. తర్వాతి యేడు ఆ వరుసలు కూడా మిగతా తోటతో పాటు పూసినయి. మీ తోటల కూడా ఒక మూల ఎప్పుడూ పూయకపోతే, మందుల దుకాణానికి పోయే ముందు ఒకసారి తవ్వి చూడున్రి. చల్క నేల తొందరగా ఆరుతది. రేగడి అయితే తేమ దాచుకుంటది, అక్కడ ఇంకా ముందే నీళ్లు బంద్ చేయాలె. కాపు చెట్ల నడుమ పసుపు పెట్టుకున్నోళ్లకైతే నా దగ్గర జవాబు లేదు. పసుపు తడి అడుగుతది, మామిడి వద్దంటది, ఏదో ఒకటి నష్టపోవుడే.

ఇప్పుడు అసలు కోపం వచ్చే ముచ్చట. గుత్త. చల్‌గల్ మార్కెట్‌ల సీజన్ షురూ కాకముందే, పూత రాకముందే, తోటను గుత్తకు ఇచ్చేస్తున్నం. చేతికి అడ్వాన్సు వస్తది, బిడ్డ పెండ్లో, కొడుకు ఫీజో ఉంటది. నేను కూడా ఇచ్చిన, అందుకే చెప్తున్న. గుత్త పట్టినాయన నాకు చెప్పకుండనే చెట్ల మొదళ్లల్ల పాక్లోబ్యుట్రజోల్ పోసిండు. ఆ యేడు పూత విరగబూసింది, ఆయన పైసలు ఆయనకు వచ్చినయి. మరుసటి యేడు చూస్తే కొమ్మలు సాగలేదు, ఆకులు చిన్నగైనయి, ఒక్కకాడ గుంపు కట్టినయి. నా చెట్లు మళ్లీ చెట్ల లెక్క కావడానికి ఏండ్లు పట్టింది. ఒక్క సీజన్ కోసం వచ్చినాయనకు నా చెట్టు ఏమైతే ఏంది?

ఆ మందు విషం అని నేను అంటలేను. కొమ్మ సాగుడు ఆపి చెట్టును పూతకు తిప్పుతది, పద్ధతి ప్రకారం వాడితే పనిచేస్తది. కానీ పదేండ్లు దాటిన, బలంగున్న చెట్టుకే పోయాలె, కొమ్మల విస్తీర్ణం కొలిచి మోతాదు లెక్కకట్టాలె, తగ్గట్టు ఎరువు పెట్టాలె. భూమిల చాన దినాలు ఉంటది గనుక ప్రతి యేడూ అదే మోతాదు పోసుడు తప్పు. గుత్త కాగితం మీద "మొదట్ల ఏ మందు పోయాలన్నా యజమానికి చెప్పాలె" అని ఒక్క లైను రాయించుకోున్రి. వ్యాపారి నవ్వుతడు, నవ్వనియ్యున్రి.

నీళ్లు బంద్ పెట్టినమని ఖాళీగ కూసునుడు కాదు. ఎండుపుల్లలు తీసి కాలబెట్టాలె. మొదలు దగ్గర రంపపుపొట్టు లెక్క రాలితే కాండం తొలిచే పురుగు ఉన్నట్టే, రంధ్రంల ఇనుప తీగ పెట్టి తీయాలె. బెరడు పగుళ్లల్ల తేనెమంచు పురుగు దాక్కుంటది, మందు కొట్టేటప్పుడు ఆకుల మీదనే కాదు, కాండం మీద కూడా పడాలె. మొగ్గ ఉబ్బినా కదలకపోతే 13-0-45 లీటరుకు 10 గ్రాములు కలిపి కొట్టుకోవచ్చు. పూత విచ్చుకున్నంక మాత్రం పురుగుమందు బంద్. వెయ్యి పువ్వులల్ల ఒకటో రెండో కాయయ్యేది, అది కూడా ఈగలు, తేనెటీగలు తిరిగితేనే.

మళ్లీ తడి ఎప్పుడంటే, పిందె బఠానీ గింజంత అయినంక. అప్పటిదాకా మధ్యాహ్నం ఆకు కొంచెం వాలినా భయపడకున్రి, పొద్దుగాల మళ్లీ లేస్తది. పొద్దుగాల కూడా లేవకపోతే అప్పుడు ఫోన్ చేయున్రి. నేను మాత్రం రేపు పక్క పొలం కాకతోని మాట్లాడాలె, ఈసారి కూడా నారుమడి నా గట్టు మీదికే తెచ్చిండు.