గ్రీన్ తప్పిన తర్వాత

మోర్ధానా వాళ్ళకు గోల్ఫుతో ఏం పని అని మీలో కొందరికి తోచవచ్చు. నిజమే. మా పక్క ఆటలంటే గోలీలు, బిళ్ళంగోడు, కౌండిన్య ఏరు ఎండినప్పుడు ఆ ఇసకలో కబడ్డీ. గోల్ఫు అంటే కోలారు బంగారు గనుల దొరల ఆట. గనుల్లో పనికి పోయివచ్చిన మన గుడియాత్తం వాళ్ళు చెబితే వినడమే తప్ప ఆడింది లేదు. ఇప్పుడు మన సంఘం ఇళ్ళలో పిల్లలు బెంగుళూరులోనూ, అమెరికాలోనూ ఆ కర్రల సంచీ భుజాన వేసుకుని పొద్దున్నే బయల్దేరుతున్నారు. అందుచేత ఈసారి ఈ కబుర్లు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. గోల్ఫులో బంతి చివరకు చేరవలసిన గుంట చుట్టూ తివాచీలా కత్తిరించిన పచ్చిక ఉంటుంది. దాన్ని గ్రీన్ అంటారు. పార్ నాలుగు అంటే రెండు దెబ్బల్లో గ్రీన్ మీదికి చేరి, మరో రెండింటిలో మెల్లగా దొర్లించి గుంటలో వేయాలన్నమాట. ఆ రెండో దెబ్బ గ్రీన్ మీద ఆగక పక్క గడ్డిలోనో, ఇసక గోతిలోనో పడితే గ్రీన్ తప్పినట్టు. అక్కణ్ణించి చేసే చిన్న చిన్న దెబ్బలనే చిన్న ఆట అంటారు.

మా మేనల్లుడి కొడుక్కి పదమూడేళ్ళు. బెంగుళూరులో ఆడుతున్నాడు. మొన్న దసరా సెలవులకు వచ్చినప్పుడు "తాతా, నేనింక ఆడను" అన్నాడు. ఎందుకురా అంటే చెప్పడు. రాత్రి వాళ్ళమ్మ చెప్పింది. ఆట అయ్యాక ఇంటికి వచ్చే దారంతా కారులో తండ్రి లెక్క చదువుతాడట. ఈ రోజు పది గ్రీన్లు తప్పావు, పోయిన వారం తొమ్మిది తప్పావు అని. పిల్లవాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడట. మా మేనల్లుడు చెడ్డవాడు కాడు. ఫీజులు కట్టి, సెలవు పెట్టి, ఎండలో వెంట నడిచే తండ్రి. లెక్క మాత్రం ఒక పక్కే రాస్తున్నాడు.

రెండో పక్క లెక్క కూడా చూద్దాం. టీవీలో మనం చూసే అమెరికా మొనగాళ్ళు సైతం 18 హోల్స్‌లో సగటున 12 గ్రీన్లు అందుకుంటారు. అంటే రోజుకు ఆరు తప్పుతాయి, ప్రపంచంలోకెల్లా మంచి ఆటగాళ్ళకే! ఆ ఆరింటిలో మూడు నాలుగు చోట్ల వాళ్ళు చిన్న ఆటతో పార్ దక్కించుకుంటారు. వాళ్ళ జీతం అక్కడుంది. వారానికోసారి ఆడేవాడు సగం గ్రీన్లు కూడా అందుకోలేడు. పదమూడేళ్ళవాడు పది తప్పితే అందులో వింత ఏముంది?

సాహిత్ తీగల పేరు మీరు వినే ఉంటారు. తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి వెళ్ళినవారు. అబ్బాయి 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్‌లో ఆఖరి రోజున పదిహేడో హోల్ దగ్గర అతని బంతి చెడ్డ గెంతు గెంతి నీళ్ళలో పడింది. ఒక్క దెబ్బ తేడాతో అవకాశం పోయింది. అమ్మానాన్నల దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అదే ఏడు జూన్‌లో కనెక్టికట్‌లో మళ్ళీ ఆఖరి హోల్‌కు ఒక దెబ్బ ముందున్నాడు. బంతి ఇసక గోతిలో పడింది, బయటికి కొట్టబోతే అందులోనే ఉండిపోయింది. గెలుపు మరొకరికి పోయింది.

2023 ఏప్రిల్‌లో మొదటిసారి మాస్టర్స్ ఆడాడు. ఆఖరి రోజు పదహారో హోల్ దగ్గర గ్రీన్ తప్పాడు. 2005లో టైగర్ వుడ్స్ తప్పినది దాదాపు అక్కడే. గుంట వైపు సూటిగా కొట్టడానికి లేదు. బంతిని పక్కకు, వాలు పైకి పంపాడు. అది కాసేపు ఎటో పోతున్నట్టు పోయి, మెల్లగా మళ్ళి, కిందికి దొర్లి గుంటలో పడింది. టైగర్ బంతి కూడా సరిగ్గా ఆ తీరునే పడింది. ఆ రోజు 67 కొట్టి తొమ్మిదో స్థానంలో నిలిచాడు. సెప్టెంబరులో నాపాలో మొదటి గెలుపు కూడా వచ్చింది.

మనవాడికి ఆ దెబ్బ వీడియో చూపించాను. మూడుసార్లు చూశాడు. "కొట్టే ముందు ఎక్కడ చూస్తున్నాడో చూడు" అన్నాను. గుంటను కాదు, బంతి మొదట వాలవలసిన చోటును చూస్తున్నాడు. గోలీలాటలోనూ అంతే కదా! గోలీ గుంట తప్పితే పిల్లలు గొంతుక్కూర్చుని రాయి ఎక్కడుంది, పల్లం ఎటుంది అని చూస్తారే కాని, తప్పిన గోలీకి సంతాపం చెప్పరు.

"ధైర్యంగా ఉండు" అని వీపు తట్టడం వల్ల ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. ధైర్యం చేతికి పని దొరికితే వస్తుంది. బంతి దగ్గరికి నడిచి వెళ్ళేలోపు కోపం తీర్చుకోవాలి. వెళ్ళాక గడ్డి ఎలా ఉందో చూడాలి. ఒత్తుగా ఉందా, పలచగా ఉందా? దారి నున్నగా ఉంటే బంతిని ఎత్తనక్కరలేదు, కొంచెం లేపి ఎక్కువ దొర్లనివ్వాలి. ఇసకలో పడితే బంతిని కొట్టకూడదు. ఒకటి రెండు అంగుళాల వెనక ఇసకను కొట్టాలి, ఇసకే బంతిని మోసుకుపోతుంది. భయపడి దెబ్బ మధ్యలో ఆపితేనే బంతి అక్కడే కూలబడుతుంది. కౌండిన్య ఇసకలో వాడి చేత ఒక పూట ఇదే కొట్టించాను. వాడి బట్టలు ఉతికిన వాళ్ళమ్మ నన్ను ఏమనుకుందో అడగలేదు.

గుడియాత్తంలో లుంగీలు నేసే ఇంటికి కూడా తీసుకెళ్ళాను. మేమున్న కాసేపట్లోనే పడుగులో పోగు తెగింది. ఆయన నాడె ఆపి, కొసలు వెతికి, ముడివేసి మళ్ళీ నేత మొదలుపెట్టాడు. మాతో మాట్లాడుతున్న మాట కూడా ఆగలేదు. మనవడు వేలితో తడిమి ముడి ఎక్కడుందో వెతికాడు.

మా మేనల్లుడితోనూ మాట్లాడాను. లెక్క మానమనలేదు. తప్పిన గ్రీన్లు ఒక గడిలో, అక్కణ్ణించి పార్ దక్కినవి పక్క గడిలో రాయమన్నాను. "అవి రెండే ఉంటాయి మామా" అన్నాడు. "రెండూ రాయి" అన్నాను. కారులో మాత్రం లెక్క తీయవద్దన్నాను. ఇంటికి వచ్చి, స్నానం చేసి, అన్నం తిన్నాక పిల్లవాడే తీస్తే అప్పుడు చూసుకోవచ్చు. ఒప్పుకున్నాడు కాని ఎన్నాళ్ళు నిలబడతాడో చూడాలి.

పిల్లవాడు తీగల గురించి ఇంకా చెప్పమంటే 2024 సంగతి చెప్పాను. అట్లాంటాలో టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రోజు, ఇసక గోతిలో కర్ర వెనక్కు తీస్తూంటే కొంచెం ఇసక కదిలిందని అతనికే అనిపించింది. దెబ్బకు ముందు ఇసక తాకకూడదన్నది నిబంధన. తానే అధికారిని పిలిచి చెప్పాడు, రెండు దెబ్బల జరిమానా పడింది. చివరికి మూడోవాడుగా నిలిచాడు, రెండోవాడికీ తనకూ మధ్య తేడా సరిగ్గా రెండు దెబ్బలు.

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది తాతా?" అన్నాడు మనవడు. "అతనికి" అన్నాను. వాడు కాసేపు ఊరుకుని, రేపు మళ్ళీ ఏటికి వెళదామా అని అడిగాడు.