రాతలోనూ బదులు పోదాం

మనవాళ్లు రాసేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ముందు వచ్చేది కవిత్వం కాదు, ఉద్యోగం గోడు. గెస్ట్ లెక్చరర్‌గా చేసే తమ్ముడు మూడు నెలలుగా బిల్లు కాలేదంటాడు. ఆఫీసులో గుమాస్తాగా చేసే అక్క, ఫైలంతా తన చేత రాయించుకుని పేరు ఇంకొకరు కొట్టేస్తున్నారంటుంది. మున్సిపాలిటీలో చీపురు పట్టే అన్న, కాంట్రాక్టరు పీఎఫ్ కోస్తున్నాడు గానీ కట్టడం లేదంటాడు. టీ గ్లాసులు ఖాళీ అవుతాయి. గోడు మాత్రం ఖాళీ కాదు.

ఇది చూసి కొందరు నవ్వుతారు. సాహిత్యం మాట్లాడతారనుకుంటే సణుగుడు మొదలెట్టారేంది అంటారు. మేం అట్లా అనుకోవడం లేదు. రాసుకోవడానికి ఒక గది, ఒక బల్ల, తాతలనాటి బీరువా నిండా పుస్తకాలు ఉన్నవాడికి పని వేరు, రాత వేరు. మనకి ఆ రెండూ వేరు కాదు. పగలు మింగిన అవమానమే రాత్రికి వాక్యమై బయటికొస్తుంది. దాన్ని తోటివాళ్లకి చెప్పుకున్నప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. నా ఒక్కడికే అనుకున్నది నలుగురికీ జరుగుతోంది. నా తలరాత అనుకున్నది ఎవరో చేసిపెట్టిన ఏర్పాటు. ఇది తెలియడం చిన్న విషయమా?

కానీ గోడు చెప్పుకుని ఎవరింటికి వాళ్లు పోతే? ట్రంకుపెట్టెలో ఉన్న నోటుబుక్కు ట్రంకుపెట్టెలోనే ఉండిపోతుంది. మన సాహిత్యంలో అచ్చయినదాని కంటే చెదలు తిన్నదే ఎక్కువని మా అనుమానం.

మహారాష్ట్రలో ఫల్టణ్ అనే ఊళ్లో బేబీ కాంబ్లే అనే మహర్ స్త్రీ చిన్న కిరాణా కొట్టు నడిపింది. పొట్లాలు కట్టే పాత పేపర్లు చదివేది. అట్లా చదువుతూ, కొట్లో కూచునే తన జనం బతుకు రాయడం మొదలుపెట్టింది. మొగుడికి తెలిస్తే ఊరుకోడని ఇరవై ఏళ్లు ఆ కాగితాలు దాచింది. అదే ఊళ్లో ఉన్న మాక్సిన్ బెర్న్‌సెన్ అనే పరిశోధకురాలు సంగతి తెలుసుకుని, బయటపెట్టమని వెంటబడింది. 1982లో 'స్త్రీ' పత్రికలో వరసగా వచ్చింది. 1986లో 'జిణ ఆముచ' పుస్తకమైంది. దళిత స్త్రీల ఆత్మకథల్లో అది తొలివరస పుస్తకం. ఆ ఒక్క మనిషి అడగకపోయుంటే ఏమయ్యేది? పొట్లాల కాగితాల్లో అవీ కలిసిపోయేవి.

ముంబయిలో ఊర్మిళా పవార్ ప్రజాపనుల శాఖ ఉద్యోగి. ఆఫీసు చాకిరీ, ఇంటి చాకిరీ రెండూ మోస్తూనే మీనాక్షి మూన్‌తో కలిసి, అంబేద్కర్ ఉద్యమంలో నడిచిన ఆడవాళ్లని వెతుక్కుంటూ పోయింది. వాళ్లు చెప్పిన కథలన్నీ ఇద్దరూ కలిసి రాశారు. 1989లో పుస్తకం వచ్చింది. మేం కూడా చరిత్ర కట్టాం అని దాని పేరుకి అర్థం. ఒక్కరి వల్ల కాని పని ఇద్దరి వల్ల అయింది.

మన దగ్గరా ఈ దారి ఉంది. 1995లో 'నిశాని' కవిత్వం నలుగురు కవులు కలిసి తెచ్చారు. అదే ఏడాది 'చిక్కనవుతున్న పాట' ఎందరో కవుల్ని ఒక్క అట్టల మధ్యకి తెచ్చింది. 2006లో జూపాక సుభద్ర, గోగు శ్యామల కలిసి 'నల్లరేగడి సాల్లు' కథల్ని తెచ్చారు. ఇవేవీ ఒక్క చేతి పని కాదు.

తోటి చేతులు లేకపోతే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. బాబాసాహెబ్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పక్షపత్రిక పెట్టాడు. 1927 ఏప్రిల్ 3న 'బహిష్కృత్ భారత్' పెట్టాడు. దానికి రాసే మనుషులు చాలక కాలాలకి కాలాలు ఆయనే నింపాల్సి వచ్చింది. డబ్బూ లేదు, మనుషులూ లేరు. 1929లో ఆ పత్రిక ఆగిపోయింది. అంతటి మనిషినే ఒంటరి చాకిరీ అలగ్గొట్టింది. మనమెంత?

మన ఊళ్లలో బదులు పోవడం అనే పద్ధతి ఉంది. నాట్లప్పుడు నా మడికి నువ్వొస్తే, నీ మడికి నేనొస్తా. రోజుకి రోజు. డబ్బు చేతులు మారదు, వడ్డీ లేదు. గట్టు మీద నిలబడి 'భలే నాటావు' అని చప్పట్లు కొట్టేవాడు బదులు వచ్చినట్టు కాదు. బురదలో దిగినోడే వచ్చినట్టు. రాతలో కూడా మనకి కావాల్సింది ఇదే.

బదులు రావడమంటే ఏమిటి? ఒకటి, పెన్సిలు పట్టుకుని తోటివాళ్ల రాత చదవడం. 'ఇది మీ అమ్మ మాట కాదు, పేపరోడి మాట' అని మొహం మీదే చెప్పడం. మనోడు కదా అని పొగిడి పంపిస్తే వాడికి మనం అపకారం చేసినట్టే. రెండు, చేతిరాత ప్రతి టైపు చేసిపెట్టడం, ప్రూఫు దిద్దడం, అచ్చయ్యాక పది కాపీలు సంచిలో వేసుకుని ఊరూరా అమ్మిపెట్టడం. మూడు, కూటమిలో విన్న అవమానం చెప్పినవాళ్ల సొత్తు అని గుర్తుంచుకోవడం. వాళ్లనడక్కుండా దాన్ని కథ చేసి మన పేరు కింద అచ్చేసుకుంటే, ఫైలు రాయించుకుని పేరు కొట్టేసిన ఆఫీసరుకీ మనకీ తేడా ఏముంది? నాలుగు, రాసినవాడి ఉద్యోగం ఊడకుండా చూడటం. ఊరి పేరు, ఆఫీసు పేరు ఎక్కడ మార్చాలో నలుగురూ కూచుని తేల్చాలి.

ఇంకో మాట. గోడంతా కవితే కానక్కర్లేదు. జీతం రానివాడికి కావాల్సింది ముందు అర్జీ, యూనియన్‌లో నలుగురి తోడు. లేబరాఫీసుకి దరఖాస్తు రాసిపెట్టడం కూడా రాతే. అది చేయని కవి సానుభూతి మాటలు ఎన్ని చెప్పినా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

బదులంటే వంతు. ఈ వంతు దగ్గరే మనం తప్పుతున్నాం. అన్నల పుస్తకాలకి ప్రూఫులు చూసేది అక్కలు. సభకి టీలు పెట్టేది అక్కలు. అక్క పుస్తకం వంతు వచ్చేసరికి అన్నలకి తీరికుండదు. వెనకటికి బేబీ కాంబ్లే కాగితాలు దాచుకుంది మొగుడికి జడిసే గదా! మన ఇళ్లలో ఇప్పుడు ఎవరు ఎక్కడ దాస్తున్నారో కాస్త వెతకండి. ఆమె రాసుకునే ఆ గంటసేపు పిల్లల్ని ఎత్తుకోండి, అన్నం వండండి. అదీ సాహిత్య సేవే. అట్లాగే ప్రతి సంకలనంలో అవే పేర్లు, అవే కులాలు కనబడితే ఆ బదులు సరిగా నడవనట్టే. రెల్లి తమ్ముడి వంతు, డక్కలి చెల్లెలి వంతు ఎప్పుడని అడగాలి.

ఇప్పుడు సెల్‌ఫోన్లు వచ్చాయి. రాసింది నిమిషంలో వందమందికి పోతోంది. చేతులు జోడించిన బొమ్మలు వందొస్తాయి. చదివి, 'మూడో పేరా తీసెయ్' అని చెప్పేవాళ్లు ఎందరు?

కాబట్టి అన్నలారా, అక్కలారా, తమ్ముళ్లారా! ఈ పక్షం రోజుల్లో ఒక్క పని చేయండి. మీకు తెలిసినవాళ్లలో రాసి దాచుకున్నవాళ్లు ఒకరుంటారు. వాళ్లింటికి వెళ్లి ఆ నోటుబుక్కు అడగండి. మీ నోటుబుక్కు వాళ్ల చేతిలో పెట్టండి. మాకు రచన పంపేవాళ్లు కూడా ముందు తోటివాళ్లలో ఒకరికి చదివి వినిపించి, దిద్దుకుని పంపండి. దిద్దిన చేతి పేరూ కింద రాయండి. ఆ పేరు కూడా అచ్చేస్తాం.

జై భీమ్!