పసిబిడ్డ పడకపై శ్రద్ధ ఏదీ?

బారసాల నాడు ఉయ్యాలకు పూలదండలు కడతారు. మరునాటి నుంచి అందులో బిడ్డ ఎలా పడుకుంటున్నదీ చూసేవారుండరు. ఇది విచారకరం.

చీర ఉయ్యాలలో బిడ్డ వీపు వంగి, గడ్డం ఛాతీకి ఆనుతుంది. మెడ నిలవని పసికందు ఊపిరాడకపోయినా తల తిప్పుకోలేదు, కేక పెట్టలేదు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, చలికని ముఖం దాకా కప్పే దుప్పటి, తలుపులు మూసిన గదిలో సాంబ్రాణి పొగ కూడా ముప్పే. నులక వదులైన మంచంపై బిడ్డ తల్లి పక్కకు జారి ఒత్తుకుపోయే ప్రమాదముంది.

జాగ్రత్తకు ఖర్చు అక్కరలేదు. చాపపై బిగువుగా మడిచి పరిచిన బొంత, దానిపై దోమతెర చాలు. తల్లి చేతికందే దూరంలో, ఏడాది నిండే వరకు వెల్లకిలా పడుకోబెట్టాలి. అమెరికాలో 1994లో ఈ మాటే ప్రచారం చేయగా, నిద్రలో హఠాత్తుగా మరణించే శిశువుల సంఖ్య పదేళ్లలో దాదాపు సగానికి తగ్గింది.

చెట్టు కొమ్మకు ఉయ్యాల కట్టి కలుపు తీయడానికి దిగే కూలి తల్లిని తప్పుపట్టి లాభం లేదు. బిడ్డల దగ్గర ఒక పెద్దామెను కూర్చోబెట్టి, ఆమెకూ కూలి ఇవ్వడం రైతు ధర్మం.

ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లాలి. బిడ్డ బరువు చూసి వెనుదిరగక, పడకను కూడా పరిశీలించాలి. వైద్యాధికారులు వెంటనే ఈ మేరకు ఆదేశాలివ్వాలి.