చేతివ్రేళ్ల వయస్సు

మొన్న ఆదివారమునాడు అయిదేండ్ల మా మనుమరాలు, పెన్సిలును పిడికిట బిగించి, కాపీపుస్తకపు ఇరుకు గీతల నడుమ ‘ఋ’ను ఇముడ్చుటకై చెమటోడ్చుచుండగా చూచితిని. పై పుటలో ఎఱ్ఱసిరాతో ‘అశ్రద్ధ’ అని ఉపాధ్యాయిని వ్రాసియున్నది. మణికట్టులోని ఎనిమిది చిన్న యెముకలలో కొన్ని ఆ యీడున ఇంకను మృదులాస్థిగానే యుండుననియు, అన్నియు గట్టిపడుటకు పది పండ్రెండేండ్లు పట్టుననియు ఎఱిగియున్నచో ఆమె కలము జంకియుండెడిది. మన పెద్దలు అక్షరాభ్యాసమునాడు పళ్లెములో బియ్యము పోసి, బిడ్డ వ్రేలు పట్టుకొని, అరచేయంత అక్షరమును దిద్దించుటలోని విజ్ఞత ఈ కాపీపుస్తకమున కానరాదు. (ఆ పిమ్మట వీధిబడిలో ఇసుకమీద గుంటఓనమాలు దిద్దించుచు తొడపాశములు పెట్టిన మాటయు నిజమే, పూర్వులను పూర్తిగా వెనకవేసికొని వచ్చుట నా యుద్దేశము కాదు.)

1920 ప్రాంతమున పారిస్ నగరమందు జీన్ పియాజె అను స్విట్జర్లాండు యువకుడు పిల్లలకు తర్కపరీక్షలు పెట్టుచు, ఒప్పులను లెక్కించి ఊరకుండక తప్పులను పరిశీలించి, ఒక యీడు పిల్లలు ఇంచుమించు ఒకే తీరున తప్పుచున్నారని గ్రహించెను. ఆయన పిమ్మట ప్రసిద్ధము గావించిన పరీక్షనే ఆ సాయంత్రము మా వంటింట చేసితిని. రెండు గ్లాసులలో మజ్జిగ సమానముగా పోసి, సమానమేయని పిల్లచేత ఒప్పించి, ఒకదానిని సన్నని పొడవాటి గ్లాసులోనికి వంచితిని. “దీంట్లోనే ఎక్కువుంది తాతయ్యా, ఇది నాకు!” అన్నది. తిరిగి మొదటి గ్లాసులోనికి వంచి చూపినను పొడవు గ్లాసే కావలెనని పట్టుపట్టినది. తొమ్మిదేండ్ల అన్న పకపక నవ్వెను. మూడేండ్ల క్రిందట వాడును ఇట్లే అనియుండును. ఈ దృష్టిగల పిల్లకు తీసివేతలో ‘అప్పు తెచ్చుట’ను గద్దించి నేర్పబూనుట పిందెను గడ్డిలో మాగవేయుట వంటిది.

ఇది ఉపాధ్యాయులమైన మనకు ఎవరును చెప్పనిది కాదు. శిక్షణ కళాశాలలో పియాజె చెప్పిన బుద్ధివికాస దశలు నాలుగింటిని వల్లెవేసి పరీక్షలో అప్పగించినవారమే. వానిని పిల్లవానియందు చూడవలెనని మాత్రము తోచలేదు. తొమ్మిదవ తరగతిలో, గొంతు మాఱుచున్నందున పద్యము చదువుమన్నను నోరు విప్పని యొక బాలుని పొగరుబోతని బెంచీ యెక్కించిన పాపము నాది. ఆ యేడాది వాడు మఱి నాతో మాటలాడలేదు.

2020 నాటి జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వఱకు ఒకే పునాది దశగా భావించి, ఆటకు పెద్దపీట వేసినది. ఎఱ్ఱసిరాకు ఆ వార్త ఇంకను అందినట్లు లేదు.

మజ్జిగ త్రాగిన పిమ్మట మనుమరాలు కాపీపుస్తకము మూసివేసి, ఎక్కడనో ముగ్గుముక్క సంపాదించి, వాకిటి బండమీద మూరెడంత ‘ఋ’ వ్రాసి, చూడ రమ్మని నన్ను కేకవేసినది.

— విశ్రాంతోపాధ్యాయుడు