పరీక్ష రోజు పథ్యం

పొద్దున్నే లక్డీకాపూల్‌లో ఏ ల్యాబ్‌లోకి తొంగిచూసినా ఒకటే దృశ్యం. పరగడుపున వచ్చినవాళ్లు మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని కూర్చుని ఉంటారు. రక్తం ఇచ్చేశాక పక్కనే టిఫిన్ సెంటర్. రెండిడ్లీ, చక్కెర లేని టీ. రెండు గంటలకు మళ్లీ రక్తం. కొందరైతే ఈలోగా రెడ్‌హిల్స్ దాకా చకచకా నడిచొస్తారు. రెండో అంకె తగ్గాలి కదా!

ఇంట్లో నాలుగిడ్లీలకు తోడు ఉప్మా కూడా లాగించే పెద్దమనిషి ఆరోజు రెండింటితో సరిపెడతాడు. అంతకుముందు మూడు రోజులు అన్నం బంద్, పుల్కాలే. రిపోర్టు బాగుందా, తిరుగు ప్రయాణంలో అరకిలో మైసూర్‌పాక్. అంకె బాగుంది కాబట్టి డాక్టరు మందు మార్చరు. మిగతా మూడు నెలలు పెరిగిన షుగర్ మాత్రం కళ్లలో, కిడ్నీల్లో, పాదాల నరాల్లో తన పని తాను చేసుకుపోతుంటుంది.

ఈ ఎత్తు హెచ్‌బీఏ1సీ పరీక్ష దగ్గర పారదు. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. అన్నాళ్లూ రక్తంలో తిరిగిన చక్కెర దానిలోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటూనే ఉంటుంది. అందుకే అది రెండు మూడు నెలల సగటు చెప్పేస్తుంది. చాలామందికి 7 శాతం లోపు ఉండాలంటారు. వయసు మళ్లినవాళ్లకు డాక్టర్లే కొంత సడలిస్తారు. రక్తహీనత ఉంటే ఈ అంకె తప్పుదారి పట్టించవచ్చు, ఆ సంగతి ముందే చెప్పాలి.

సగటు సరే, ఏది తింటే పెరుగుతోందో తెలిసేదెలా? షుగర్ చూసే మీటరు ఒకప్పుడు డాక్టర్లకు, ఆసుపత్రులకే అమ్మేవారు. అమెరికాలో రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరుకు పన్నెండో ఏటి నుంచే టైప్-1 మధుమేహం. 1969లో ఆ మీటరు ప్రకటన ఆయన కంటపడింది. భార్య డాక్టరు కావడంతో ఆమె పేరున తెప్పించుకున్నారు. రోజుకు నాలుగైదుసార్లు చూసుకుంటూ తిండినీ, ఇన్సులిన్‌నూ సరిచేసుకున్నారు. ఆ అనుభవం రాసి పంపితే వైద్య పత్రికలు వేసుకోలేదు. దాంతో నలభైల్లో మెడికల్ కాలేజీలో చేరి తానే డాక్టరయ్యారు! ఆయన చెప్పిన కఠినమైన ఆహార నియమాలను అందరూ ఒప్పుకోరు గానీ, 2025లో కన్నుమూసేనాటికి ఆయన వయసు 90.

ఇప్పుడా మీటరు అరచేతిలో ఇమిడిపోతుంది. అయినా చాలా ఇళ్లలో అల్మారాలో గడువు దాటిన స్ట్రిప్పులతో నిద్రపోతుంటుంది. దాన్ని బయటికి తీసి, పెసరట్టు తినకముందు ఓసారి, తిన్న రెండు గంటలకు ఓసారి చూడండి. ఇంకోరోజు రాగిసంకటి. షుగర్‌కు మంచిదని పెద్ద ముద్ద లాగిస్తే అంకె ఎగబాకడం చూసి ఆశ్చర్యపోతారు. రాగిలోనూ ఉన్నది పిండిపదార్థమే మరి. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. మామిడిపండు తిన్న చేయి సబ్బుతో కడుక్కోకుండా గుచ్చితే మాత్రం మీటరు ఆ పండు తీపిని కూడా కలిపి చూపిస్తుంది.

పెరగడమే కాదు, పడిపోవడమూ ప్రమాదమే. పొద్దున ఇన్సులిన్ వేసుకుని పెళ్లికి వెళ్తారు. ముహూర్తం ఆలస్యం, భోజనాలు మూడింటికి. చెమటలు, వణుకు, అయినదానికీ కానిదానికీ చిరాకు. కోపమొచ్చిందనుకుంటారు ఇంట్లోవాళ్లు. మీటరులో 70 కన్నా తక్కువుంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జేబులో నాలుగు గ్లూకోజ్ బిళ్లలు ఉంచుకుంటే ఆ పెళ్లిలో ఎవరికీ కంగారుండదు.

అదే రెడ్‌హిల్స్‌లో పిల్లల కోసం నీలోఫర్ ఆసుపత్రి ఉంది. టైప్-1 వచ్చిన పిల్లలకు మాత్రలతో కుదరదు. రోజుకు మూడు నాలుగుసార్లు ఇన్సులిన్ పడాల్సిందే. పదేళ్ల పిల్ల తన వేలు తానే గుచ్చుకుని, నోటుబుక్కులో 240 వచ్చినా 240 అనే రాస్తుంది. మే నెల ఎండలకు మందు పాడవకుండా, ఫ్రిజ్ లేని ఇంట్లో వాళ్లమ్మ కొత్త కుండలో నీళ్లు పోసి, సీసాను తడవకుండా డబ్బాలో పెట్టి అందులో ఉంచుతుంది.